పేష్కారు గారు తోమించిన పెనం

1956 ఏప్రిల్ 11, బుధవారం. పొద్దున్నుంచే వడగాలి. ఆకాశంలో మబ్బు తునక లేదు గానీ, కొండల మీది ఎర్రదుమ్ము మాత్రం తెరలు తెరలుగా వచ్చి కోట మీద పడుతోంది. ఆ రోజు చింతలగట్టు రాజావారికి ఒక కోరిక పుట్టింది.

సంస్థానాలు పోయిన మాట నిజమే. అయినా మా రాజావారికి కోటా, కొలువూ, కోరికలూ మిగిలే ఉన్నాయి.

అప్పటికే కోట వెనక ఆయన కొత్తగా ఈతకొలను కట్టించి, అడుగున రంగు పలకలతో నెమలిని పొదిగించారు.

"మేడ మీద నిలబడి చూస్తే ఆ నెమలి కళ్ళు కనపడాలి!" అన్నారు.

నీళ్ళు నింపిన మర్నాటికే కళ్ళు కాదు, నెమలే లేదు. కొలను నిండా ఎర్రనీళ్ళు.

మద్రాసు నుంచి ఫిల్టర్లు అమ్మేవాళ్ళిద్దరు వచ్చారు. ఒకరిది ఇసక ఫిల్టరు, ఇంకొకరిది పొడి ఫిల్టరు. ఏది కొనాలో తేలక రాజావారు మా మేనమామ సోమన్నని పిలిచారు. ఆయనకి రోజూ పేపరు చదివి వినిపించడం మా మామ ఉద్యోగం. మధ్యమధ్య సొంత వార్తలు కలిపేవాడని గిట్టనివాళ్ళు అనేవారు. అది వేరే సంగతి.

"ఏమోయ్ సోమన్నా, ఏది తీసుకోమంటావ్?"

"ఇసకది సులువు మహారాజా. మురికెక్కితే నీళ్ళు వెనక్కి తిప్పి కడిగేస్తే చాలు. కానీ మన దుమ్ము గంధం పొడిలా ఉంటుంది, ఇసకలోంచి జారిపోతుంది. పొడి ఫిల్టరు దాన్నీ పట్టుకుంటుంది. చాకిరీ మాత్రం ఎక్కువ."

చాకిరీ అంటే ఇది. తొట్టిలో గుడ్డ తొడిగిన పలకలుంటాయి. తెల్లపొడిని నీళ్ళలో కలిపి పోస్తే అది గుడ్డకి పూతలా పడుతుంది. నీళ్ళని వడగట్టేది గుడ్డ కాదు, ఆ పూత. మురికి పట్టినప్పుడు కడిగేసి, మళ్ళీ కొత్త పొడి పొయ్యాలి. ఆ పొడి ఎప్పుడో నీళ్ళలో బతికిన, కంటికి ఆనని ప్రాణుల పెంకులట. నేను కాలేజీలో జీవశాస్త్రమే చదివాను. ఒక్క మాస్టారూ ఈ ముక్క చెప్పలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా ఆ సంచి విప్పకూడదని మాత్రం మా మామ అందరికీ చెప్పాడు.

రాజావారు పొడి ఫిల్టరే కొన్నారు. పొడి పోసి నడిపితే నీళ్ళు కాస్త తేటపడసాగాయి. దాని పెత్తనం కోట వ్యవహారాలు చూసే పేష్కారు భుజంగరావుకి ఇచ్చారు.

భుజంగరావుకి శుభ్రత పిచ్చి. కోట తలుపుల ఇత్తడి బొడిపెల్లో తన మీసం కనిపించేదాకా చింతపండుతో తోమించేవాడు. పైగా కోటలో మా మామ ఉంటున్న ఇల్లు తన అల్లుడికి ఇప్పించాలని ఎప్పటినుంచో కన్నేశాడు.

తొట్టి మూత తీయించి చూశాడు. పలకల నిండా తెల్లటి బురద!

"ఛీ ఛీ! శుభ్రం చేసే యంత్రమే ఇంత అసహ్యంగానా?"

పలకలన్నీ గీకించి, తోమించి, ఆరబెట్టించాడు. పొడి సంచుల్ని గదిలో పెట్టి తాళం వేశాడు. నీళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి.

మా మామ కొలువులో మొత్తుకున్నాడు. "కడిగాక కొత్త పొడి పొయ్యాలండీ!"

"నీళ్ళు తేట పడాలంటే మట్టి కలపాలిట. వింటున్నారా ప్రభూ?" అన్నాడు పేష్కారు.

రాజావారు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు.

"కొనమన్నది నువ్వే సోమన్నా. సోమవారానికి నెమలి కనపడకపోతే నీ ఇల్లు ఖాళీ చేసి పేష్కారుకి అప్పగించు."

మా మామ సాయంత్రం నేరుగా పేష్కారు దగ్గరికి వెళ్ళాడు.

"కోటంతా అద్దంలా ఉంచారు గానీ పేష్కారు గారూ, మీ మాట వంటింట్లో చెల్లుతున్నట్టు లేదండీ."

"ఎవరన్నారా మాట?"

"నరహరి పెనం చూశారా? కాటుక చేసుకోవచ్చు. ప్రభువులు తినే పెసరట్టు దాని మీదేనాయె!"

తెల్లారేసరికి పేష్కారు ఇటికపొడీ, కొబ్బరిపీచూ పట్టుకుని వంటింట్లో ఉన్నాడు. "మా నాన్ననాటి పెనమండీ బాబూ!" అని వంటాయన నరహరి లబలబలాడినా వినలేదు. పెనం వెండి కంచంలా మెరిసింది.

రాజావారు ఫలహారానికి కూర్చున్నారు. మొదటి అట్టు పేలికలుగా వచ్చింది. రెండోది పొడిపొడిగా వచ్చింది. మూడోదాన్ని నరహరి గిన్నెలో వేసి, చెంచాతో సహా తెచ్చాడు.

"ఇదేమిట్రా, ఉప్మానా?"

"పెసరట్టేనండి. పెనం వదలటం లేదండి. తోమేశారండి."

"ఎవరు?"

పేష్కారు మెప్పు కోసం ముందుకొచ్చాడు. "నేనే ప్రభూ! దగ్గరుండి తోమించాను. పేరుకున్న మురికంతా పోయింది!"

"మురికా? నీ మొహం! అట్టు లేపేది ఇనుమనుకున్నావా? దాని మీది పూతయ్యా! గీకేసి చేతులు దులుపుకుంటే సరా? మళ్ళీ పూత పట్టించాలని తెలీదూ?"

మా మామ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"చిత్తం. ఇదే హుకుం ఫిల్టరుకి కూడా ఇప్పించండి మహారాజా!"

రాజావారు గిన్నెలోకి చూశారు. పేష్కారు వైపు చూశారు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నరహరి నవ్వాడు, గుమ్మం దగ్గరి నౌకర్లు నవ్వారు. పేష్కారు ఒక్కడే తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

ఆదివారం సాయంత్రానికి మేడ మీంచి నెమలి కళ్ళే కాదు, కాలిగోళ్ళు కూడా కనిపించాయి. ఇల్లు మా మామ పేర రాసి ఇచ్చారు.

మరుసటేడు రాజావారు పోయారు. వీలునామా ప్రకారం కోట తమ్ముడి కొడుక్కి, కొలను ఊరి పిల్లలకి వెళ్ళాయి. మామ తర్వాత ఆ ఇల్లు ఆయన కూతురు కామేశ్వరికి వచ్చింది. పేష్కారుకి ఏమీ రాలేదు.