పేరుతో వేసిన తాళం

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరికంటే రెండు అబద్ధాలు ఎక్కువ చెప్పుకునే ఊళ్ళో, ఎల్లూరమ్మ అని ఒకావిడ ఉండేది బంగారూ. ఆవిడ మొగుడు ఓబులేసు ఆటోకి మైకు కట్టుకుని చాటింపులు వేసేవాడు. ఆ గొంతుకి పొరుగూరి గేదెలు కూడా తలెత్తేవి.

ఒకనాడు ఆ గొంతుకే జబ్బు చేసింది. కోసి తీసెయ్యాలన్నారు డాక్టర్లు. అప్పుడు ఓబులేసు ఆస్పత్రిలోనే ఎల్లూరమ్మ పేర ఒక ఈమెయిలు తెరిచాడు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టనే?"

"మీ పేరే పెట్టండి. నా నోట అదెప్పుడూ రాదుగా."

ఊరంతా పిలిచే పేరది. పిలవనిది ఆవిడొక్కతే. అదే గట్టి తాళం అనుకున్నారు, పిచ్చి మొద్దులు.

ఆ తర్వాత ఓబులేసు తన గొంతు ఫోనులో పట్టి ఆ మెయిలు పెట్టెకు పంపాడు. ఒకదాంట్లో పాట, ఒకదాంట్లో తిట్లు, ఒకదాంట్లో ఉత్త నవ్వు. గొంతు పోయింది. దాని వెనకే మనిషీ పోయాడు. ఎల్లూరమ్మ రోజూ వంట చేసుకుంటూ ఆ తిట్లు వినేది. అన్నీ విన్నాక నవ్వు పెట్టుకునేది.

అప్పుడు ఆ ఊరికి దొంగ మెయిళ్ళు రావడం మొదలైంది. మొదటిది, మీకు లాటరీలో కారు తగిలిందని. పక్కింటి గౌరమ్మ కారుకి చోటు కావాలని గేదెను చూరు కిందకు మార్చింది. ఎల్లూరమ్మ నవ్వి చెరిపేసింది.

రెండోది, మీరు కొన్న వస్తువు బిల్లు తెరవండని. సర్పంచి బావమరిది తెరిచాడు. కంప్యూటరంతా బిగుసుకుపోయింది. కరెంటు వాళ్ళని తిట్టాడు. ఎల్లూరమ్మ "కొనని వస్తువుకు బిల్లేమిటి" అని వదిలేసింది.

మూడోది ఇలా ఉంది. మీ పెట్టె నిండిపోయింది, సాయంత్రంలోగా పాస్‌వర్డ్ ఇవ్వకపోతే అందులోవన్నీ చెరిపేస్తాం.

ఈసారి ఎల్లూరమ్మ నవ్వలేదు. పంపినవాడెవడో చూడలేదు. కళ్ళు మసకబారితే ఏం చూస్తుంది? నోటితో ఏనాడూ అనని పేరు, ముక్కూ మొహం తెలియనివాడికి అక్షరం అక్షరం రాసిచ్చింది.

మర్నాడు గౌరమ్మ వచ్చింది. "ఆపదలో ఉన్నా, డబ్బు పంపమని మెయిలు పెట్టావుగా వదినా, అందిందా?" జన్మలో ఒక్కసారి దానం చేసింది, అదీ దొంగకే.

ఎల్లూరమ్మ గబగబా పెట్టె తెరవబోయింది. తెరుచుకోలేదు. వాడు తాళం మార్చేశాడు.

ఆ తర్వాత పట్నం వెళ్ళి సైబర్ పోలీసుల దగ్గర కూర్చుంది. కంప్యూటరు పాత పాస్‌వర్డ్ అడిగింది. "నాక్కూడా చెప్పకమ్మా, నువ్వే కొట్టు" అని పోలీసు మొహం అటు తిప్పుకున్నాడు. పోలీసు కూడా వద్దన్న మాట అది. దొంగ అడిగాడని ఇచ్చేసింది.

కొన్నాళ్ళకు పెట్టె తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. పాట వాడికెందుకు? తిట్లు వాడికెందుకు? తన జాడ తెలియకుండా అన్నీ కలిపి ఊడ్చేశాడు.

"ఈసారి ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టుకో అమ్మా" అన్నాడు పోలీసు.

ఎల్లూరమ్మ కంప్యూటరు ముందు నుంచి లేచింది.

"ఖాళీ ఇంటికి తాళమెందుకు నాయనా" అంది. చెప్పులేసుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్దర దారి పట్టింది.
తాళంమాట నోట్లోనే,
మనమిద్దరం ఇంట్లోనే.