మీటరుకు ఒంటిగంట చూపించిన ఇల్లు

ముందే చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే ఇప్పుడే చెయ్యెత్తండి, తరవాత గొణిగితే ఒప్పుకోను. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకూడదు, అదీ షరతు. ఎవరూ ఎత్తలేదుగా? అయితే నమ్మినట్టే. ఇక వినండి.

కొండపాలెంలో గవరయ్య ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఆ మాట ఊరు అనలేదు, గవరయ్యే అన్నాడు. ఇంట్లో నలుగురు మనుషులు: గవరయ్య, భార్య పైడమ్మ, తమ్ముడు నూకరాజు, తల్లి అప్పలమ్మ. నలుగురి తెలివీ కలిపి తూకం వేస్తే కాటా విరిగిపోతుందని గవరయ్య లెక్క. గేటు మీద ఎర్రరంగుతో 'ఆలోచించి లోపలికి రండి' అని రాయించాడు. రాయించిన రోజు సాయంత్రం తనే ఆ గేటు బయట అరగంట నిలబడి, బాగా ఆలోచించి, అప్పుడు లోపలికొచ్చాడు. వరండాలో ఓ పడక కుర్చీ ఉండేది. అందులో ఎవరు కూర్చుంటే ఇంట్లో ఆఖరి మాట వాళ్ళది. ఇరవై ఏళ్ళుగా గవరయ్య తప్ప ఇంకొకరు కూర్చోలేదు.

ఆ వేసవిలో మేడ మీద పన్నెండు సోలారు పలకలు పెట్టించాడు. అదే వారం పైడమ్మ పుట్టింటి నుంచి అరవై నాటుకోడి గుడ్లు తెచ్చింది, తవుడు బుట్టలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళోంచి దించకుండా. ఒక్కో గుడ్డూ కొబ్బరికాయంత. సరే, కొబ్బరి పిందెంత అనుకోండి, మీ మాట ఎందుకు కాదనాలి.

"మా అమ్మ తన చేత్తో ఏరిచ్చిన గుడ్లు ఇవి. అరవైకి అరవై పిల్లలూ రావాలి" అంది పైడమ్మ.

గవరయ్య పట్నం వెళ్ళి గుడ్లు పొదిగే కరెంటు పెట్టె కొనుక్కొచ్చాడు. ఇరవై ఒక్క రోజులు రాత్రీ పగలూ వెచ్చగా ఉంచాలని దాని మీద రాసుంది. ఒకటో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటకి గుడ్లన్నీ సర్ది, స్విచ్చి వేసి, ఛాతీ విరుచుకుని అన్నాడు: "ఒక్క గుడ్డు చెడినా ఈ పడక కుర్చీ నీది."

పైడమ్మ కుర్చీని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. "గుడ్డ మాసింది. కొత్తది కుట్టించుకుంటాలెండి" అంది.

ఆ మాట గవరయ్య గుండెల్లో గుచ్చుకుంది. రెండు దాటాక లైన్‌మన్ కన్నంనాయుడు గేటు దగ్గర కాసేపు ఆలోచించి, కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"గవరయ్య బావూ, కరెంటుకి కొత్త రేట్లొచ్చాయి. రెండు రకాలు. ఒకటి పగటి రేటు, పొద్దున్న పదింటి నుంచి నాలుగింటి దాకా చవక, మిగతా వేళంతా ప్రియం. రెండోది రాత్రి రేటు, చీకటి పడ్డాక చవక. ఇప్పుడు ఏదో ఒకటి పరీక్షగా పెడతాను. ఇరవై రెండో తారీఖు సాయంత్రం ఐదింటి లోపు మార్చుకోవచ్చు. అది దాటిందా, పెట్టిందే ఏడాది పొడుగునా ఉంటుంది."

"మరి తెలివైనవాళ్ళు ఏది పెట్టించుకుంటున్నారు?"

"మీకు మేడ మీద పలకలున్నాయి. పగలు మీ కరెంటు మీకు సరిపోతుంది. బయట కొనేది రాత్రే. కొనే వేళ చవగ్గా ఉండేదే తీసుకోండి."

గవరయ్య నవ్వాడు. "పగలు ఎండ ఊరికే వస్తుంది. దాని మీద చవక కూడా అయితే రెండు లాభాలు. రాత్రికి ఒక్కటే లాభం. పగటిదే పెట్టు."

"పగలు మీరు కొననే కొనరు కదా బావూ. అది చవకైతే ఏటి, ప్రియమైతే ఏటి?"

"అందుకే నువ్వు స్తంభం మీదున్నావు, నేను కుర్చీలో ఉన్నాను" అన్నాడు గవరయ్య. "అది సరేగాని, మేం ఎన్నింటికి వాడామో మీకెలా తెలుస్తుంది?"

"మీటరు టైము చూసుకుని రేటు వేసుకుంటుంది." కన్నంనాయుడు వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "ఏదైనా తేడా వస్తే ఫోను చెయ్యండి. ఒంటిగంట వేళ మాత్రం చెయ్యకండి, అన్నం దగ్గర ఉంటాను."

అంతే. గవరయ్య వరండాలో మీటరు ముందు నిలబడి దానికేసి పది నిమిషాలు చూశాడు. మీటరు కూడా అతనికేసి చూసింది. మీటరుకి ఎదురుగోడ ఖాళీగా ఉంది.

"ఒరే నూకరాజూ, ఇది టైము చూసుకుంటుందట. గడియారం లేకుండా దేన్ని చూస్తుందిరా పాపం?"

ఇంకేముంది. నూకరాజు హాల్లో గడియారం తెచ్చి ఎదురుగోడకి తగిలించాడు. గవరయ్య ముల్లుని ఒంటిగంట మీద పెట్టి సెల్లు పీకేశాడు. ఇక మీటరు ఎప్పుడు చూసినా ఒంటిగంటే, ఎంత వాడినా చవకే.

"అన్నియ్యా, నీ బుర్రని బ్యాంకు లాకర్లో పెట్టాలి" అన్నాడు నూకరాజు. గవరయ్య కాదనలేదు.

పొద్దుగూకింది. వరండాలో చీకటి పడేసరికి అప్పలమ్మకి అనుమానం వచ్చింది. "ఒరే గవరా, ఒంటిగంటకి చీకటి ఉంటాదేటిరా? మీటరు గుడ్డిదా?" అంతే, మీటరు మొహం మీదికి రెండు పెద్ద బల్బులు పెట్టారు. ఒంటిగంటకి వంటింట్లోంచి పోపు వాసన రావాలి కదా అని అప్పలమ్మ గంట గంటకీ మీటరు దగ్గర ఆవాలు వేయించింది. పొద్దున్నే పాలు పోసే ఆమె వచ్చి "పాలమ్మా" అని అరవబోతే పైడమ్మ నోరు మూసి, "మజ్జిగ అను. మధ్యాహ్నం పాలు పోసేవాళ్ళెవరు?" అంది. ఆ ఇంట్లో టిఫిను పోయింది, రాత్రి భోజనం పోయింది. రోజుకి ఆరు మధ్యాహ్న భోజనాలే మిగిలాయి. కేలండరులో కాగితం చింపడం కూడా మానేశారు. ఒంటిగంట దాటకుండా రోజెలా మారుతుంది?

మూడో నాడు నూకరాజు మేడ మీంచి దిగి, గొంతు తగ్గించి చెప్పాడు. "అన్నియ్యా, కొంప మునిగింది. ఆ పలకల దగ్గర్నుంచి మీటరుకి వైరుంది."

"ఉంటే?"

"సూర్యుడు దిగిపోయాడని అవి చాడీ చెప్పవా?"

గవరయ్య కుర్చీలోంచి ఇంత ఎత్తున ఎగిరాడు. గుడ్లు, కుర్చీ, పైడమ్మ కుట్టించబోయే కొత్త గుడ్డ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ సాయంత్రమే పందిళ్ళు వేసేవాడి దగ్గర ఎనిమిది ఫోకస్ లైట్లు తెచ్చి మేడ మీద పలకల చుట్టూ నిలబెట్టాడు. పొద్దుగూకిందంటే చాలు, పలకల మీద పెళ్ళివారి వెలుగు. వాటికీ ఒంటిగంటే. పొరుగూరి కొంగలు తెల్లారిందనుకుని కొండపాలెం చెరువు మీద వాలేవి. మీటరు మీద ఎర్రదీపం టకటకా కొట్టుకుంటుంటే గవరయ్య మురిసిపోయాడు.

"చూశావా పైడీ, లాభం తట్టుకోలేక కన్ను కొడుతోంది."

వారం తిరిగేసరికి నూకరాజు ఒక పలక మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీశాడు. "ఒళ్ళు కాలిపోతోంది అన్నియ్యా. రాత్రీ పగలూ పని చేయించాం. జొరం వచ్చింది."

"ఏదో ఒక పూట పడుకోనియ్యి" అంది అప్పలమ్మ. రాత్రి పడుకుంటే చాడీ చెబుతాయి. కాబట్టి పగలు పడుకోబెట్టారు. తెల్లారగానే పలకల మీద తడిపిన గోనెసంచులు కప్పి, నుదుటి మీద తడిగుడ్డలు వేసి, మేడ మీద ఎవరూ గట్టిగా నడవకూడదని ఆజ్ఞ వేశాడు గవరయ్య. అలా ఎండంతా గోనెసంచుల మీద పడింది, కొనుక్కున్న కరెంటంతా పలకల మీద పడింది.

పంతొమ్మిదో తారీఖు సాయంత్రం లైట్లన్నీ వేసేసరికి 'ఠప్'మని ఫ్యూజు పోయింది. ఇల్లంతా ఆరిపోయింది. గుడ్ల పెట్టె కూడా.

పైడమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టింది. "చల్లబడిపోతోందండీ."

"కన్నంనాయుడికి ఫోను చెయ్యి" అని గవరయ్య అనబోయి, అలవాటుగా గడియారం చూశాడు. ఒంటిగంట. "వద్దు, అన్నం తింటున్నాడు. రెండు కానీ."

నూకరాజు గడియారం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. "ఎంతయింది?" అని గవరయ్య అడగడం, "ఒంటిగంటే" అని నూకరాజు చెప్పడం. "ఇప్పుడో?" "ఒంటిగంటే." "వీడు ఎంత తింటాడురా బాబూ" అంది అప్పలమ్మ.

పైడమ్మ కుర్చీకేసి చూసింది. గవరయ్య గబగబా చొక్కా బొత్తాలు విప్పి, "ఆ గుడ్లు ఇలా తెండి" అన్నాడు.

అరవై గుడ్లు. ఒళ్ళో ఇరవై, చొక్కాలో ఇరవై, చంకల కింద చెరో అయిదు, తలపాగాలో పది. పైన రెండు బొంతలు. పడక కుర్చీలో అలా కదలకుండా మూడు రోజులు, మూడు రాత్రులు కూర్చున్నాడు. తుమ్మలేదు, దగ్గలేదు, ఈగ ముక్కు మీద వాలితే దానికి నమస్కారం చేసి పంపించాడు. నోట్లో ముద్దలు అప్పలమ్మ పెట్టింది. రోహిణీ కార్తె ఇంకా రాకముందే ఎండకి రోళ్ళు పగులుతుంటే, బొంతల కింద గవరయ్య ఉన్నాడు. ఏ కోడీ అంత శ్రద్ధగా పొదగలేదు.

ఇరవై రెండో తారీఖు పొద్దున చొక్కాలో ఏదో గీరింది. తరవాత తలపాగాలో 'కీచ్' మంది. మధ్యాహ్నానికి అరవైకి అరవై పిల్లలూ గవరయ్య మీద నడుస్తున్నాయి. గవరయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కుర్చీ నిలిచింది.

అప్పుడు నూకరాజు వేళ్ళు మడిచాడు. "అన్నియ్యా, ఇరవై ఒక్క రోజులు కదా కావాలి. మనకింకా ఒకటో తారీఖు ఒంటిగంటే అయింది."

అందరూ గడియారం చూశారు. నిజమే.

"ఓలమ్మో, పచ్చి పిల్లలు" అంది పైడమ్మ. "గుడ్డు చెడినా, పిల్ల పచ్చిగా ఊడినా ఒకటే. లెండి కుర్చీలోంచి."

"మైదా జిగురుతో పెంకులు అంటించి మళ్ళీ లోపల పెట్టేద్దాం" అన్నాడు గవరయ్య. ఒక పిల్లని పెట్టి చూశారు, అది జిగురు తినేసి బయటికొచ్చింది. అప్పలమ్మ పిల్లలన్నిటినీ పట్టుకెళ్ళి, ఎండుగడ్డిలో మామిడికాయలతో పాటు మాగబెట్టింది. పిల్లలకి అక్కడ హాయిగా ఉంది గాని, గంటసేపు చూసినా ఒక్కటీ ముగ్గలేదు.

పైడమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. గవరయ్య రెండో చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది అతని బుర్ర. "రోజులు తక్కువయ్యాయి, అంతే కదా? తిప్పేద్దాం. రోజుకి రెండు చుట్లు. నలభై రెండు చుట్లు తిప్పితే పిల్లలకి ఇరవై ఒక్క రోజులు నిండుతాయి."

వాళ్ళు గడియారం దింపి ముల్లు తిప్పుతుండగా కన్నంనాయుడు వచ్చాడు. సాయంత్రం నాలుగున్నర. మీటరు చూసి గోడ పట్టుకున్నాడు.

"ఏటి బావూ ఇది? ఊరంతా కలిపి ఇంత కాల్చదు. ఈ గడియారం ఎవరికి పెట్టారు?"

"మీటరుకి."

"దాని గడియారం దాని లోపలే ఉంది. మీది అది చూడనే లేదు." కన్నంనాయుడు ఫ్యూజు వేసి, పలకల మీద గోనెలు తీయించి, చేతులు జోడించాడు. "ఇంకో అరగంటే ఉంది. రాత్రి రేటుకి సంతకం పెట్టండి. లేకపోతే ఏడాదంతా ఇదే గతి."

వినండి, ఇది ముఖ్యం. ఆ క్షణాన గవరయ్యకి జీవితంలో మొదటిసారి విషయం అర్థమైంది. "నిజమే నాయుడూ. రాత్రిదే పెట్టు. కలం ఇలా ఇయ్యి. ఒక్క నిమిషం, ఈ పిల్లలకి రోజులు నిండనీ."

గవరయ్య తిప్పుతున్నాడు, నూకరాజు లెక్కపెడుతున్నాడు. పద్నాలుగో చుట్టు దగ్గర ఒక కోడిపిల్ల నూకరాజు పాదం ఎక్కింది, లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి నలభై రెండు దాకా లెక్కపెట్టాడు. పైడమ్మ మాత్రం గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూనే ఉంది. ఆఖర్న చూస్తే యాభై ఆరు గీతలు.

"ఇరవై ఎనిమిది రోజులు" అంది పైడమ్మ, పిల్లల్ని తడిమి చూసి. "ఇప్పుడు పండాయి. కుర్చీ మీదేలెండి."

గవరయ్య దర్జాగా కుర్చీలో వాలి, కాగితం ఒళ్ళో పెట్టుకుని, కలం పట్టుకున్నాడు. పట్టుకుని ఆగిపోయాడు. ఒకటో తారీఖు మీద ఇరవై ఎనిమిది రోజులు. వేళ్ళ మీద ఒకసారి, నూకరాజు వేళ్ళ మీద ఇంకోసారి లెక్కపెట్టాడు. తరవాత కన్నంనాయుడికేసి జాలిగా చూశాడు.

"ఈ రోజు ఇరవై తొమ్మిది. గడువు ఇరవై రెండుకే అయిపోయింది. వారం ఆలస్యంగా వచ్చావు నాయుడూ."

"బావూ, ఇంకా అయిదు నిమిషాలుంది."

"దొంగ సంతకం నేను పెట్టను. నువ్వు ఆలస్యంగా వచ్చావని మీ ఆఫీసులో చెప్పన్లే, పిల్లలుగలవాడివి" అని కలం అతని జేబులో పెట్టి, భుజం తట్టి, గేటు దాకా సాగనంపి గడియ వేశాడు. కన్నంనాయుడు కాగితం పట్టుకుని బయట నిలబడ్డాడు. 'ఆలోచించి లోపలికి రండి' అన్న ఎర్ర అక్షరాల ముందు అయిదయ్యేదాకా ఆలోచించాడు. లోపలికి మాత్రం రాలేదు.

ఆ ఏడాదంతా పగటి రేటే నడిచింది. అరవై కోళ్ళూ పెరిగి గుడ్లు కూడా పెట్టాయి. ఇప్పటికీ నమ్మని మహానుభావులుంటే కొండపాలెం వెళ్ళి సాక్షిని అడగండి. ఒంటిగంటకి మాత్రం వెళ్ళకండి, అన్నం దగ్గర ఉంటాడు. పేరు రాసుకోండి: గొర్లె కన్నంనాయుడు.