రెండు చదువుల ఉడుము

అనగనగా ఒక అడవిలో, కొండ మీద ఒక బడి ఉండేది. చేరడానికి ఏటా వందలకొద్దీ జంతువుల పిల్లలు వచ్చేవి. ఏనుగు పంతులు తొమ్మిదింటినే చేర్చుకునేవాడు. అక్కడ రెండు చదువులు. మబ్బులు చూసి వాన చెప్పడం ఒకటి, వేర్లతో మందు చేయడం ఇంకొకటి. ఎవరైనా ఒక్కదాన్నే ఎంచుకునేవారు.

ఆ ఏడాది సీటు దొరికినవాటిలో పైడి అనే ఉడుము పిల్ల ఉంది. అది రెండూ కావాలంది.

"రెండు పడవల మీద కాళ్లు పెడతావా?" అని కోతి నవ్వింది.

"నాకు నాలుగు కాళ్లున్నాయిగా," అంది పైడి.

పంతులు మాత్రం నవ్వలేదు. "ఎందుకమ్మా రెండూ?" అని అడిగాడు.

"మాది వాగు ఒడ్డు పంతులుగారూ. ఏటా వరదొస్తుంది, వెనకే జ్వరాలొస్తాయి. పోయినేడు మా తమ్ముడు అలాగే పోయాడు."

"అయితే చదువు. కానీ రెండు పట్టుకోవాలంటే మూడోదేదో వదలాలి. అదేదో నువ్వే తెలుసుకోవాలి."

ఉడుంపట్టు సంగతి మీకు తెలుసుగా పిల్లలూ, పట్టిందంటే వదలదు. పైడి ముందు ఆట వదిలింది. తర్వాత నిద్ర వదిలింది. ఆ బడిలో చదువులో మొదట వచ్చినవారికి నెమలి ఈక ఇచ్చేవారు. పైడి దగ్గర రెండు చదువుల ఈకలూ పోగయ్యాయి. అయినా ఇంకా కావాలనిపించింది.

ఒకరోజు అది పోటీ కోసం మూడు వందల వేర్ల పేర్లు వల్లె వేస్తోంది. తోటి విద్యార్థి కుందేలు వచ్చి, "పైడీ, చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి. పెద్ద వానేమో, ఒకసారి మబ్బు చూడవూ?" అంది.

"రేపు పోటీ. మబ్బుల పాఠం ఎల్లుండి," అంది పైడి తలెత్తకుండా.

సాయంత్రానికి వాగు పొంగింది. పైడి వాళ్లమ్మ నీళ్లలో కొట్టుకుపోయి, ఒక చెట్టుకొమ్మ పట్టుకుని ఎలాగో బతికింది. పైడి పరుగెత్తుకెళ్లి అమ్మను చూసి ఏడ్చింది.

"వాన చెప్పడం నేర్చుకుంటున్నావు కదే, మాకు చెప్పలేదేం?" అని అడిగింది అమ్మ.

పైడి బడికి తిరిగొచ్చి ఈకలన్నీ పంతులు ముందు పెట్టింది. "మూడోది ఇదండీ. మొదట రావాలన్న ఆశ."

పంతులు ఈకలు తీసుకున్నాడు. చదువులు రెండూ దానికే ఉంచాడు.

ఆ తర్వాత పైడి ఏ చదువులోనూ మొదట రాలేదు. రోజూ కాసేపు ఆడుకుంది, కంటినిండా నిద్రపోయింది. వాగు ఒడ్డున మాత్రం మళ్లీ ఏ పిల్లా వరదకు పోలేదు, జ్వరానికీ పోలేదు.

నీతి: రెండు పనులు పట్టుకోవడం తప్పు కాదు, ఎందుకు పట్టుకున్నామో మరిచిపోవడమే తప్పు.