విరగాల్సిన షాఫ్ట్

నరహరి క్రాలర్ ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట విరిగేది.

క్రాలర్ అంటే రిమోట్‌తో బండరాళ్ల మీదికి పాకించే బొమ్మ జీపు. మూరెడు పొడవుంటుంది. నరహరిది అందులో చవక రకం. మందుల షాపు యజమాని, నలభైకి దగ్గరపడ్డ మనిషి, దాని వెనక మహబూబ్‌నగర్ బయటి గుట్ట మీద మోకాళ్ల మీద దేకేవాడు. చూసి నవ్వేవాళ్లు నవ్వుకునేవాళ్లు. అలా దేకే పెద్దమనుషులు ఇంకొందరు పక్కనే ఉండేవాళ్లు గనుక అతనికి సిగ్గనిపించలేదు.

వాళ్లందరికీ గురువు మస్తాన్ సాబ్. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. గుట్ట మీద ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బండి ఎక్కడ ఆగితే అక్కడే బాగుచేసుకోవచ్చు, చేత్తో ఎత్తి తీయకూడదు. ఎత్తితే ఆ బండికి ఆ రోజు ఆట బంద్.

కొత్తలో సాబ్ నరహరికి చెప్పాడు. "ముందుగాల స్టీరింగ్ తిప్పే సర్వో మార్చు. చక్రాలల్ల కొంచెం బరువు పెట్టు. మిగిలింది మెల్లగ జూద్దాం."

నరహరి బుద్ధిగా తలూపి, ఇంటికెళ్లి పెద్ద మోటారు బిగించాడు. చక్రాల్లో బరువు పెడితే ఎవరికి కనబడుతుంది? మోటారైతే నలుగురూ తలతిప్పి చూస్తారు.

ఆ మోటారు జోరుకు, చక్రాలకు తిరుగుడు అందించే ప్లాస్టిక్ షాఫ్ట్ విరిగింది. ఉక్కుది వేశాడు. అప్పుడు గేర్ల పళ్లు ఊడాయి. అవీ ఉక్కువి వేశాడు. ఇరుసు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అయినా మొండివాడు, బండి మొత్తం ఉక్కు చేసేదాకా వదల్లేదు.

అంత పట్టుదల ఎందుకంటే, వచ్చే ఆదివారం వనపర్తి వాళ్లతో పందెం. మహబూబ్‌నగర్ తరఫున ఒక్కరే వెళ్లాలి. ఎవరన్నది ముందురోజు సాయంత్రం గుట్ట మీద సాబ్ తేలుస్తాడు. ఆ అవకాశం నరహరికి కావాలి. వారమంతా అన్నం ముందు కూర్చున్నా గుట్టే గుర్తొచ్చింది.

శనివారం బండిని సాబ్ ముందు పెట్టి, "ఇగ దీంట్ల విరిగేదంటూ ఏం లేదు సాబ్," అన్నాడు.

"ఏం లేదా?"

"ఏం లేదు. అంతా ఉక్కే."

సాబ్ బండిని చేత్తో తూచి చూసి కిందపెట్టాడు. "అయితె ఆ పగులు దాటించు."

ఏటవాలు బండ మీద అడ్డంగా ఒక పగులుంది. అంతకుముందే మిగతావాళ్లంతా అక్కడే ఆగిపోయారు. నరహరి బండి కూడా ముందు చక్రం పగుల్లోకి దిగి ఇరుక్కుంది. నరహరి రిమోట్ నొక్కాడు. బండి కదల్లేదు. ఏదీ విరగలేదు కూడా. ఆ ధీమాతో ఇంకా గట్టిగా నొక్కాడు.

కాసేపటికి కమురు వాసన వచ్చింది. బండి అడుగునుంచి సన్నగా పొగ. మోటారు కాలిపోయింది.

దాన్ని మార్చాలంటే బండి మొత్తం విప్పాలి. బండ మీద కూర్చుని అయ్యే పని కాదు. నరహరి బండిని రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి అవతలికి తిరిగాడు.

"నాతోని గాదు సాబ్. నన్ను ఇడిసిపెట్టుండ్రి."

సాబ్ తన పాత బండిని తెచ్చి పగులుకు దిగువన పెట్టాడు. రిమోట్ నరహరి చేతికిచ్చాడు.

"నడుపు."

నరహరి నడిపాడు. ముందు చక్రం అదే పగుల్లో, అలాగే ఇరుక్కుంది. అలవాటైన బొటనవేలు అలవాటుగానే నొక్కింది. టక్కుమని చప్పుడైంది. ముందు చక్రాలు తిరగడం మానేశాయి.

నరహరి రిమోట్ కింద పెట్టేశాడు. "అయ్యో సాబ్, మీది గూడ ఇరగ్గొట్టిన."

సాబ్ బండ మీద గొంతుక్కూర్చుని జేబులోంచి ప్లాస్టిక్ షాఫ్ట్ ఒకటి తీశాడు. బండిని ఉన్నచోటనే కొంచెం పక్కకు ఒరిగించి, ఒక్క స్క్రూ విప్పి, విరిగిన ముక్క తీసేసి, కొత్తది పెట్టి బిగించాడు. సాబ్ నోట్లోని బీడీ ఆరేలోపే పని అయిపోయింది.

నరహరికి ఆశ్చర్యం ఆగలేదు. "మీరింక ప్లాస్టిక్‌దే పెట్టుకున్నరా సాబ్? ఎవలైనా ముందు ఉక్కుది ఏస్తరు గదా!"

"నేను గూడ ఏసిన."

"మరి?"

"మోటారు కాలింది."

సాబ్ రిమోట్ మళ్లీ అతని చేతికిచ్చాడు.

ఈసారి నరహరి బొటనవేలు మెల్లగా కదిలింది. చక్రం ఇరుకున పడగానే వదిలేశాడు. కొంచెం వెనక్కి తీశాడు. స్టీరింగ్ పక్కకు తిప్పి పగులు అంచు మీదుగా పోనిచ్చాడు. బండి ఊగింది, పడుతుందనిపించింది, పడలేదు. మెల్లగా అవతలికి చేరింది. అంచున కూర్చున్న వాళ్లెవరో ఈలేశారు. నరహరికి వినబడలేదు.

"రేపు దీన్ని తీస్కపో," అన్నాడు సాబ్. "వనపర్తోళ్ల మీదికి నువ్వే పో."

నరహరి బండిని ఒకసారి, సాబ్‌ని ఒకసారి చూశాడు. "నడిమిట్ల మళ్ల ఇరిగితె, సాబ్?"

సాబ్ ఇంకో షాఫ్ట్ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇరిగేది ఏందో ఎరుకైనంక భయమెందుకు?"