నిప్పుబాట ఊడ్చని రాజ్యం

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న ఈ పరదేశపు ఊళ్ళో ఆకులు రాలితే పొద్దున్నే ఒక బండి వచ్చి పీల్చుకుపోతుంది. ఎండుటాకును చూసి భయపడాల్సిన అవసరం మీకెప్పుడూ రాలేదు. ఈ కథలోవాళ్ళకు వచ్చింది.

ఒక పెద్ద అడవి. దాన్ని పెద్దపులులు ఏలేవి. తాత పులి ఒక కొండ గెలిచింది, తండ్రి పులి పక్క కొండలు గెలిచింది, మనుమడి కాలానికి రాజ్యం ఏటి దాకా పాకింది. పులి పులే, దాచడమెందుకు, ఆకలేస్తే తన ప్రజల్లోంచే ఒకరిని పట్టుకుని తినేది. అయినా ఎవరూ ఆ రాజ్యం వదిలిపోలేదు. కారణం నిప్పుబాట. అడవి చుట్టూ వెడల్పాటి బాట ఒకటి, ఆకూ పుల్లా లేకుండా ఊడ్చి ఉండేది. బయటి గడ్డిబీళ్ళలో ప్రతి ఎండాకాలం నిప్పు పుట్టేది. బాట దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క, అక్కడే చచ్చేది.

ఆకు రాలే కాలం రాగానే అందరూ పనిలోకి దిగాలి. తాత పులి పెట్టిన కట్టుబాటు అది. దున్న కొమ్ములతో మొద్దులు నెట్టేది. ఎలుగుబంటి చేతులతో ఆకు ఎత్తిపోసేది. ముళ్ళపంది ముళ్ళు విప్పి చీపురులా చిమ్మేది. మొదటి పంజా మాత్రం రాజుదే. రాజే ఒళ్ళంతా దుమ్ము చేసుకున్నాక సాకులు చెప్పే నోరెవరికుంటుంది?

నక్కకు మాత్రం ఆ పనంటే ఒళ్ళుమంట. దాని తోక కుచ్చులా, మెత్తగా, అడవిలోకెల్లా మంచి చీపురులా ఉండేది. దానికి దుమ్ము అంటితే నక్క రోజంతా నాక్కుంటూ కూర్చునేది.

ఒక ఏడు, పని మొదలుపెట్టే పొద్దున, నక్క పులి దగ్గరికి వచ్చింది.

"దొరా, ఒక మాట. తప్పయితే కొట్టండి."

"చెప్పి చావు."

"తాతగారంటే చిన్న కొండకు రాజు, ఊడ్చుకున్నారు. మీరు ఏటి దాకా ఏలుతున్నారు. అవతలి గట్టున తోడేళ్ళు చూస్తున్నాయి. 'వీళ్ళ దొర ఆకులు ఊడుస్తోందిరోయ్' అని నవ్వుకోవూ?"

పులి తన పంజా వైపు చూసుకుంది. అంతకుముందు ఆ పంజాలో తప్పేమీ కనబడలేదు.

"మరి మొదటి పంజా?"

"అవన్నీ నాకొదిలేయండి. మీరు గట్టు మీద కూర్చోండి. మీకు ఎండ తగలకుండా నేను పక్కన నిలబడతాను."

ఆ ఏడు పులి ఊడ్చలేదు. నక్క తోకకు దుమ్ము అంటలేదు.

మరుసటి ఏడు దున్న మొరాయించింది. "దొర దిగదు, నక్క దిగదు. ఏటిగట్టు యుద్ధంలో కొమ్ము విరగ్గొట్టుకున్నవాణ్ణి, నేనెందుకు దిగాలి?"

"మాఫీ ఇచ్చేయండి దొరా, మీ సొమ్మేం పోతుంది?" అంది నక్క. పులి దున్న మెడకు ఒక పచ్చతీగ కట్టింది. తీగ ఉన్నవాళ్ళు బాట ఊడ్చక్కర్లేదు.

దున్న మెడ చూసి ఎలుగుబంటికి నిద్ర పట్టలేదు. ఎలుగు మెడ చూసి దుప్పులకు తిండి సహించలేదు. నక్క మధ్యవర్తి. ఎవరికి తీగ కావాలన్నా ముందు దాని గుహ దగ్గర ఇంత మాంసమో, తేనెపట్టో పెట్టాలి. కొన్నాళ్ళకు మెడలో తీగ లేనివాళ్ళకు పెళ్ళిసంబంధాలు కూడా రావడం మానేశాయి.

చివరికి ముళ్ళపంది ఒక్కతే మిగిలింది. దాని బొరియ నిప్పుబాటను ఆనుకునే ఉంది. బొరియలో పిల్లలున్నారు. అది సభకు వచ్చింది.

"దొరా, బాట మీద ఆకు నా ఎత్తు పేరుకుంది. ఒక్కదాన్ని ఊడ్చలేను. నిప్పంటూ వస్తే ముందు కాలేది నా పిల్లలే."

ఎలుగుబంటి పెద్దగా నవ్వింది. "మమ్మల్ని ఊడ్చమంటావా అమ్మాయ్? నా మెడ చూశావా?"

"చూశాను మామా. బాగుంది. చేతులు కూడా బాగుండేవి, పని చేసినన్నాళ్ళూ."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. నక్క మెల్లగా ముళ్ళపంది పక్కకు చేరింది.

"ముళ్ళక్కా, ఊడ్చి ఊడ్చి నీ వీపు చూడు ఎలా వంగిపోయిందో. నీ పిల్లల వీపులూ అలాగే వంగాలా? నువ్వు సరేనంటే నీకూ, వాళ్ళకూ కలిపి తీగ ఇప్పిస్తాను. మాంసం వద్దు, తేనె వద్దు. నీకు ఊరికే."

ముళ్ళపంది ఊడ్చేవాళ్ళ కోసం వచ్చింది. కానీ పిల్లల వీపులు గుర్తొచ్చాయి. మెడ చాచింది.

పులి లేచి నిలబడింది. "మన రాజ్యంలో ఇక ఊడ్చేవాళ్ళే లేరు! అందరూ గౌరవనీయులే!"

అడవి దద్దరిల్లేలా అందరూ జేజేలు కొట్టారు. ముళ్ళపంది కూడా కొట్టింది.

ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గడ్డిబీళ్ళలో పొగ లేచింది.

"బాట మీదికి పదండి! ఊడ్చండి!" అని పులి గాండ్రించింది.

ఎవరూ కదల్లేదు. ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు. "తీగ కట్టింది తమరే కదా దొరా," అంది దున్న.

నిప్పు మాత్రం ఎవరి మెడా చూడలేదు. పేరుకున్న ఆకు మీదుగా బాట దాటేసింది. రాజు గుహలోంచి బయటపడలేదు. దున్న పడిపోయింది. తోక కోసం ఇంతా చేసిన నక్కకు తోకే ముందు అంటుకుంది. ఏట్లో దూకి ప్రాణం దక్కించుకుంది. ముళ్ళపంది ఒక్క పిల్లను నోట కరుచుకుని ఏరు దాటింది. మిగతా పిల్లల సంగతి అడగకండి.

వానలు పడ్డాయి. బూడిదలోంచి చిగుళ్ళు వచ్చాయి. బతికినవాళ్ళకు బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటారు మీరు. ఒక కొండ మీద ఎలుగుబంటి నేనే రాజునంది. ఇంకో కొండను తోడేళ్ళు ఆక్రమించాయి. పులి గుహలో తోకలేని నక్క కూర్చుని, "దొర నా చేతుల్లోనే పోయారు, రాజ్యం నాకే అప్పజెప్పారు" అని ఏడ్చింది. వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటూనే, ఎవరి కొండ మీద వాళ్ళు చేసిన మొదటి పని ఒకటే. తీగలు పంచారు. బూడిదలో తీగలు బాగా పెరుగుతాయి.

మళ్ళీ ఆకు రాలింది. అవతలి గట్టున ముళ్ళపంది తన కొత్త బొరియ చుట్టూ చిమ్ముకుంటోంది.

"ముళ్ళక్కా, ఒంటరిగా ఎందుకా కష్టం? వచ్చెయ్. ఈసారి పెద్ద తీగ ఇస్తాను!" అని నక్క ఇవతలి గట్టు నుంచి కేకేసింది.

"ముందు నీ గుహ ముందర ఎవరు ఊడ్చారో చెప్పు తమ్ముడూ."

నక్క వెనక్కి తిరిగి చూసింది. గుహ నోటి దాకా ఎండుటాకు. ఎవరినైనా పిలుద్దామని చుట్టూ చూసింది. అందరి మెడల్లోనూ తీగలే. తానే ఊడుద్దామని వెనక్కి తిరిగింది. ఊడ్చడానికి తోక లేదు.

అవతలి గట్టున పిల్ల ముళ్ళపంది మూతి ముడిచింది. "అమ్మా, అక్కడ ఎవరూ ఊడ్చడం లేదు. మనమే ఎందుకు?"

"నీకు అన్నలుండేవాళ్ళు," అంది తల్లి. మళ్ళీ ముళ్ళు విప్పి చిమ్మసాగింది. కాసేపటికి పిల్ల కూడా తన చిన్న ముళ్ళు విప్పింది.

పని మానడమే గౌరవమైన రోజునే రాజ్యం పోయింది. నిప్పు తర్వాతెప్పుడో వచ్చింది.

ఇది మీ పిల్లలకు చెప్పండి. వాళ్ళకు తెలుగు రాకపోతే వాళ్ళకు వచ్చిన మాటల్లోనే చెప్పండి. వాళ్ళు భయపడతారని ముళ్ళపంది మిగతా పిల్లల మాట మాత్రం తీసేయకండి.