తువ్వాలు కింద బేరం

రేవుపట్నం దివాన్, వాటాల దళారి అప్పలసూరిని పిలిపించి, సింహళం వెళ్ళిన ఓడలో తన ఆరువందల వాటాలూ ఈరోజు ధరకే అమ్మిపెట్టమన్నాడు. వాటాకి వరహా తగ్గినా అప్పలసూరి ఇల్లు జప్తన్నాడు. అప్పలసూరి కొడుకు చుక్కాని పట్టిన ఓడే అది.

అన్ని వాటాలు ఒక్కసారి బజారుకొస్తే ధర కుప్పకూలుతుంది. అందుకని అప్పలసూరి ఒకే షావుకారుని పట్టుకుని, తువ్వాలు కింద వేళ్ళతో బేరమాడి, వాటాకి వరహా తక్కువకి గుట్టుగా అన్నీ అమ్మేశాడు.

"వరహా ఎందుకు తగ్గిందిరా?" దివాన్ కళ్ళెర్రజేశాడు.

"అయితే బేరం రద్దు చేస్తాను బాబయ్యా. దివాన్‌గారు వాటాలన్నీ వదిలించుకుంటున్నారని రేపు దండోరా వేయిస్తాను. అది విన్నాక తమరైతే ఎంతకి కొంటారు?"

దివాన్ మొహం పాలిపోయింది. "ఓడ మునిగిందని నీకెవరు చెప్పార్రా?"

ఎవరూ చెప్పలేదు. అప్పలసూరికి ఇల్లయితే దక్కింది. అందులోకి రావలసినవాడే ఇక రాడు.