సుంకులమ్మ వాకిట్లో తంగేడు

ఏమడిగినా మద్దిలేటి సామి తిన్నగా జవాబు చెప్పేటోడు కాదు. పెట్టింది తినేటోడు, పని కనపడితే చేసేటోడు. అడిగినోళ్లు జవాబు అందులోనే ఏరుకోవాల.

ఆయన శిష్యురాలు సుంకులమ్మ. ఆమె, చెల్లెలు ఓబులమ్మ ఒకే ఇంట్లో ఉండేటోళ్లు. శ్రావణంలో చెల్లెలికి జరమొచ్చింది. అక్క చేన్లో కలుపు తీసి ఇంటికొచ్చేసరికే పానం పోయింది. ఆఖరి గడియలో గుక్కెడు నీళ్లు గొంతులో పోయలేకపోతినే అని సుంకులమ్మ ఒకటే కుమిలిపాయ. వాకిట్లో, ఎండ మాడే రాళ్లనేలలో, ఓబులమ్మ గుట్ట నుంచి విత్తనం తెచ్చి మొలిపించిన తంగేడు ఒకటుంది. అక్క దానికి పాదు కట్టి, పొద్దున రెండు కడవలు, మాపున రెండు కడవలు పోసింది. రెండు నెలలకు ఆకులు పండుబారి రాలబట్నాయి.

సామి ఇంటికొస్తే అడిగింది. "నేను పోసే నీళ్లు నా చెల్లెలికి అందుతాండాయా సామీ? అందుతాంటే ఇదెందుకు సచ్చిపోతాంది?"

"ఆకలైతాందమ్మా. ముందు సంగటి పెట్టు."

ఒక ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. చాలన్నాడు.

"పిట్ట తిన్నట్ల తింటివి, ఇదేం తిండి సామీ!" అని మూడోది తెచ్చింది. సామి తినే తట్టకు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆ చేతి సందులోంచే దూర్చి పెట్టేసింది.

సామి పకపకా నవ్వినాడు. "సంపుతావేందమ్మా నన్ను! నేను చెయ్యి అడ్డం పెట్టినా ఇనకపోతివి. పాపం, దానికి చెయ్యి కూడా లేదు" అని తంగేడు దిక్కు చూసినాడు.

సామి చెయ్యి కడుక్కోను కూడా చెట్టు దగ్గరికి పోలేదు, వీధిలోకి పోయినాడు. వచ్చి పాదుగట్టు కాలితో చదును చేసి ఎల్లిపాయ.

తెల్లారి సుంకులమ్మ అలవాటుగా కడవ నింపుకొచ్చింది. పోయబోయి ఆగింది. కింద దించి, చెట్టు పక్కన కూచునింది. చేతులు ఊరికే ఉండలేదు, కడవ మూతిని తడుముతానే ఉన్నాయి. రోజూ అట్లే. ఒకనాడు, ఓబులమ్మ అక్కడే నిలబడి ఊళ్లో అందరి నడకా నడిచి చూపించేది గుర్తొచ్చి, తనకు తానే నవ్వుకునింది.

ఆనక చిగురొచ్చింది. ఇంకొన్నాళ్లకు పసుప్పచ్చని గుత్తి ఒకటి పూసింది. సుంకులమ్మ ఉరుకులాడతా సామి కాడికి పోయింది.

"సామీ, నేనేమీ చేయకుండానే పూసింది!"

"ఏమీ చేయలేదా? నిండుకడవ పక్కన పెట్టుకొని ఊరికే కూచోడం, నీకు తక్కువ పనా అమ్మా?"